గుండిగ లోపల తెల్లగుడ్డ

మిల్లు మామ్మగారు పోయారని నాకు బస్టాండు పక్కన టీ కొట్టులో తెలిసింది. కొట్టతను గ్లాసు చేతికిస్తూ, "మీ మామ్మగారు పోయారంట సాయిబుగారూ, తెల్లారి లేపితే లేవలేదంట," అన్నాడు. నేను ఆ టీ తాగలేదు. గ్లాసు బల్ల మీద పెట్టి లేచాను. ఆవిడ ఇంటికి వెళ్ళాల్సినవాణ్ణి మా ఇంటికి వచ్చాను. వసారా మూలన గోనెపట్టా కింద ఆవిడ గుండిగ ఉంది. పెద్ద నోరు, బరువైన అడుగు, ఇత్తడిది. ఆవిడ అత్తగారి అత్తగారి కాలం నాటి వంటగిన్నె. పట్టా ఎత్తి చూశాను. లోపల పాత కళాయి అరిగి ఇత్తడి పచ్చగా బయటపడి, పందొమ్మిది రోజుల కింద ఎలా వచ్చిందో అలాగే ఉంది. మళ్ళీ పట్టా కప్పాను. కూర్చుందామంటే కుదరలేదు, నిలబడదామంటే కుదరలేదు. ఇది రాస్తున్నప్పటికీ అంతే.

నేను కళాయి పోసేవాణ్ణి. ఇప్పటి పిల్లలకి ఆ పని తెలియదు కాబట్టి చెబుతున్నాను. ఇత్తడి గిన్నెలో పులుపు వండితే చిలుము దిగుతుంది, తిన్నవాళ్ళకి వాంతులవుతాయి. అలా కాకుండా గిన్నె లోపల తగరం పూత పూస్తారు. అదే కళాయి. ఏడాది వండేసరికి పూత అరుగుతుంది, మళ్ళీ పోయాలి. మా నాన్న పోశాడు, నేను పోశాను, నా తర్వాత ఎవరూ లేరు. మనుషులు చింతపండూ మామిడికాయా తినకపోతే నా వృత్తే లేదు. తిరువూరులో ఇత్తడి ఉన్న ప్రతి ఇంటి దొడ్డీ నాకు తెలుసు. ముందు గుమ్మాలు అంతగా తెలియవు.

మామ్మగారి మనవరాలు ఆవిడ పేరున చిన్న పుస్తకం వేసి ఊళ్ళో పంచుతానంది. తెలిసినవాళ్ళందరినీ తలా నాలుగు మాటలు రాయమంది. "నువ్వు చెప్పు తాతా, నేను రాసుకుంటా," అని నా దగ్గరికొచ్చింది. వద్దన్నాను. గిన్నెల మీద పేర్లు కొట్టి నేర్చుకున్న అక్షరాలు నాకున్నాయి, నా చేత్తోనే రాస్తానన్నాను. ఒక్క షరతు పెట్టాను. వేస్తే మొత్తం వెయ్యాలి. మంచి మాటలు ఏరుకుని తక్కినవి తీసేస్తే ఒప్పుకోను. ఆ షరతు ఎందుకో ఆ అమ్మాయికి తెలియదు. చదివాక తెలుస్తుంది.

మామ్మగారి దొడ్లోకి నేను మొదటిసారి వెళ్ళినప్పుడు ఆవిడ ఇంకా మామ్మగారు కాదు, ఇద్దరు పిల్లల తల్లి. అప్పుడు అమ్మగారూ అనేవాణ్ణి. ఆవిడ మనవల కాలం వచ్చేసరికి ఊరంతా మామ్మగారంటుంటే నేనూ అనేశాను. నన్ను మాత్రం ఆవిడ అప్పుడూ అబ్బాయ్ అన్నారు, నా పళ్ళూడిపోయాకా అబ్బాయ్ అన్నారు. విస్సన్నపేట వైపు నుంచి పచ్చి మామిడికాయ ఊళ్ళోకి దిగకముందే ఆ ఇంట్లో కళాయి పడాలి. అది లెక్క. శివరాత్రి దాటిందంటే కబురొచ్చేది. నేను వెళ్ళి దొడ్లో గొయ్యి తవ్వి, బొగ్గులు పోసి, గాలి మిషను బిగించేవాణ్ణి. 

గుండిగని ముందు తోమాలి. చేత్తో అయ్యే పని కాదు. లోపల ఇసుకా చింతపండూ వేసి, నేను రెండు కాళ్ళూ అందులో పెట్టి నిలబడి, నడుం అటూ ఇటూ తిప్పుతూ తోమేవాణ్ణి. మొదటిసారి అది చూసిన ఆవిడ అత్తగారు వంటింటి కిటికీలోంచి కేకేశారు.

"వాడు కాళ్ళు పెట్టిన గిన్నెలో రేపు దేవుడికి పులిహోర కలుపుతావుటే?"

"కాళ్ళు పెట్టాక నిప్పులో పెడుతున్నాడు కదా అత్తయ్యా," అన్నారు ఈవిడ తల ఎత్తకుండా. "నిప్పు కంటే మీరు మడా?"

అయినా గుండిగ లోపలికి తీసుకెళ్ళేముందు ఈవిడే పసుపు నీళ్ళు చల్లేవారు. నాకు ఒళ్ళు మండేది. ఒకసారి అడిగేశాను, ఆ నీళ్ళు గిన్నెకా నాకా అని. "మా అత్తగారికి," అన్నారు. "ఆవిడ మనసు కడగాలి, గిన్నె కాదు." అత్తగారు పోయిన ఏడు నుంచి పసుపు నీళ్ళు ఆగిపోయాయి. వంటింట్లోకి మాత్రం నన్ను ఎప్పుడూ పిలవలేదు. నేనూ వెళ్ళలేదు. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

పని అయ్యాక తెల్లారి భోజనానికి రమ్మనేవారు. కొత్త కళాయిలో మొదటి వంట మామిడికాయ పప్పే. బియ్యం మిల్లు వాళ్ళు కాబట్టి ఊకకి కొదవ లేదు, ఊక పొయ్యి మీద వండేవారు. కందిపప్పు దోరగా వేయించి, ఎసరు మరిగాక వేసి, గుండిగ మీద పళ్ళెం మూత పెట్టి, ఆ పళ్ళెంలో నీళ్ళు పోసి ఉంచేవారు. పప్పు పొంగకుండా ఆ నీళ్ళు చూసుకునేవి. పప్పు మెత్తబడ్డాకే కాయ ముక్కలు, టెంకతో సహా. పోపులో వెల్లుల్లి ఉండదు, ఇంగువ. కుక్కర్లు వచ్చాక కోడలు కుక్కరు కొన్నది. "అందులో పప్పు భయపడి ఉడుకుతుంది, ఇందులో ఇష్టపడి ఉడుకుతుంది," అనేవారు మామ్మగారు. దొడ్లో వేపచెట్టు కింద విస్తరి వేసి, పప్పులో నెయ్యి పోసి, నంజుకోడానికి ఊరమిరపకాయ వేసి, టెంక నా విస్తట్లో పడేలా చూసేవారు. నా చిన్నప్పుడు మా నానమ్మ రాగి డేగిశాలో చింతచిగురు మాంసం వండి, మూలుగ ఎముక నా కంచంలో పడేలా చూసేది. ఆ డేగిశా నేను ఇంట్లో గడవని రోజుల్లో కరిగించి అతుకులకి వాడేశాను. ఈ సంగతి తెలిసినప్పుడు మామ్మగారు నన్ను చాలాసేపు చూసి, "ఊళ్ళోవాళ్ళ గిన్నెలన్నీ నిలబెట్టి మీ నానమ్మ గిన్నె తగలేశావా అబ్బాయ్," అన్నారు.

ఇక అసలు సంగతి రాయాలి. రాయకుండా మూడు రోజులు దాటేశాను.

మా నాన్న పోయిన ఏడాది. పని మొత్తం నా చేతికొచ్చింది. తగరం మొండి సరుకు. గిన్నె సరిగ్గా కాలాలి, పూత అంటుకోడానికి చల్లే నవాసారం పొడి సరిగ్గా పడాలి, అప్పుడు దూదితో ఊపిరి బిగబట్టి చుట్టూ తుడిస్తే పరుచుకుంటుంది. అందులో సీసం కలిపితే చిన్న వేడికే కరిగి వెన్నలా పాకుతుంది, అప్పటికప్పుడు అద్దంలా మెరుస్తుంది. వండుకున్నప్పుడు ఆ సీసం కూరలోకి దిగుతుంది. పిల్లలకి అది చెడు చేస్తుంది. నాకు తెలియదని రాస్తే అబద్ధం. నాన్న ఎన్నోసార్లు చెప్పాడు. కానీ నాన్న రోజుకి రెండు గిన్నెలు చేసేవాడు, నేను నాలుగు చేసి చూపించాలనుకున్నాను. ఎవరికి చూపించాలనుకున్నానో ఇప్పుడు ఎంత తన్నుకున్నా గుర్తురావడం లేదు.

ఆ వారంలో తొమ్మిది గిన్నెలకి సీసం కలిపి పోశాను. అందులో మామ్మగారి గుండిగ ఒకటి.

పని అయ్యాక గుండిగని ఎండలో పెట్టి పిలిచాను. ఎంత మెరిసిందంటే నా ముఖం కనబడింది. ఆవిడ మెరుపు చూడలేదు. లోపలికి వెళ్ళి, నెయ్యి వడగట్టుకోడానికి దాచుకున్న తెల్ల పంచె ముక్క తెచ్చి, గుండిగ లోపల గట్టిగా రుద్దారు. గుడ్డ నల్లబడింది.

"ఇదేంటి అబ్బాయ్?"

"మసి అండి."

"అడుగున కదా మసి. లోపల ఎందుకుంది?"

గుడ్డ మడత మార్చి మళ్ళీ ఇంకోచోట రుద్దారు. మళ్ళీ నలుపే.

"సీసం కలిపావు."

"అందరూ కలుపుతారండి."

"అందరి సంగతి నేను అడగలేదు. రేపు ఇందులో పప్పు వండి మొదటి ముద్ద నీకు పెట్టనా?"

"పెట్టండి," అన్నాను.

"నువ్వు తింటావు, పొగరున్నోడివి. నా పిల్లలకి పెట్టమంటావా? ఆ మాట నీ నోటితో చెప్పు, పెడతాను."

పిల్లలిద్దరూ అక్కడే నా గాలి మిషను పిడి తిప్పి ఆడుకుంటున్నారు. నేను చెప్పలేకపోయాను.

ఆవిడ నా ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నారు. గొంతు పెంచలేదు. ఇంకెన్నిటికి ఇలా పోశావని అడిగారు. ఎనిమిదన్నాను. "ఈ సంగతి బయటికొస్తే ఈ ఊళ్ళో నీకు గిన్నె ఇచ్చే ఇల్లుండదు. మీ అమ్మ పస్తుంటుంది. అందుకని నేను చెప్పను. నువ్వు మాత్రం ఎనిమిదీ తెచ్చి కడిగి మళ్ళీ పొయ్యి. నవాసారం పాతబడింది, పూత నిలవదు, మళ్ళీ పోస్తానని చెప్పు. అబద్ధమే. ఆ పాపం నా ఖాతాలో వేసుకుంటాలే."

ఆ రోజు ఆవిడ మీద నాకు గౌరవం కలిగిందని రాస్తే బాగుంటుంది. కలగలేదు. కోపం వచ్చింది. దారిపొడుగునా తిట్టుకుంటూ వెళ్ళాను. తెల్లారి వచ్చి గుండిగ కాల్చి, పూతంతా ఊడ్చి, నాన్న పోసినట్టు పోశాను. ఆవిడ గుడ్డతో తుడిచి చూశారు. తెల్లగా వచ్చింది. గుండిగ లోపలికి పట్టుకెళ్ళారు.

మిగతా ఎనిమిదింటిలో ఏడు దొరికాయి. ఏడూ మళ్ళీ పోశాను. ఎనిమిదోది దొరకలేదు. మిల్లు వెనక సందులో అద్దెకున్నవాళ్ళది. ఆయనకి బదిలీ అయి ఆ వారంలోనే సామాను సర్దుకుని వెళ్ళిపోయారు. రెండు చెవుల పప్పుగిన్నె. ఒక చెవి ఊడితే మూడు రాగి మేకులు పెట్టి నేనే బిగించాను, పచ్చటి ఇత్తడి మీద ఎర్రగా కనబడతాయి. వాళ్ళని వెతుక్కుంటూ గంపలగూడెం వెళ్ళాను. ఆ గిన్నె ఎవరో పెళ్ళికూతురికి సారెలో పెట్టేశామన్నారు. ఆ పిల్ల అత్తారి ఊరికి వెళ్ళాను. వాళ్ళు ఇంకెవరికో ఇచ్చామన్నారు. అక్కడితో తోవ తెగిపోయింది. ఆ గిన్నెలో ఎవరు వండారో, ఎన్నాళ్ళు వండారో, ఎవరి పిల్లలు తిన్నారో నాకు తెలియదు.

మరుసటి ఏడు శివరాత్రి తర్వాత మామ్మగారి దగ్గర నుంచి కబురు రాదనుకున్నాను. వచ్చింది. పని అయ్యాక ఆవిడ తెల్లగుడ్డ తెచ్చారు, నా ముందే తుడిచారు, చూశారు. ఆ తర్వాత అడిగారు.

"ఆ ఒక్కటీ దొరికిందా?"

"లేదండి."

"వెతుకు."

యాభై ఏళ్ళ పైమాట. ఏటా అదే గుడ్డ తుడవడం, అదే మూడు ముక్కలు. పక్కన ఎవరున్నా ఇంకో మాట పెరగలేదు. ఒకసారి నాకు విసుగొచ్చి, "ఇంకా నా మీద నమ్మకం కుదరలేదా మామ్మగారూ," అన్నాను. "నమ్మకం లేకపోతే నిన్ను పిలుస్తానా. నమ్మకం నీకు, గుడ్డ గుండిగకి," అన్నారు. నేను అప్పటినుంచీ పోసిన ప్రతి గిన్నె అడుగునా సూదిమొన ఉలితో చుక్క కొట్టాను. చుక్క ఉంటే అది నాది, భయం లేకుండా తినొచ్చు. ఆవిడ ఆ చుక్క వేలితో తడిమి చూసి, "ఇదేదో ముందే కొట్టి ఉంటే ఆ ఒక్కటీ దొరికేది," అన్నారు. మెచ్చుకోవడం ఆవిడకి అలాగే వచ్చు.

స్టీలు వచ్చింది, నాన్‌స్టిక్ వచ్చింది. ఊళ్ళో ఇత్తడి అంతా పాత సామాను బండి ఎక్కింది. రెండేళ్ళుగా నా కొలిమి వెలగలేదు. పిలిచేవాళ్ళు లేకనే అని అందరికీ చెప్పాను. అది సగం. కుడి చెయ్యి వణకడం మొదలైంది. టీ గ్లాసు సగానికి పోయించుకుంటే గానీ తాగలేను. మా ఇంటామెకి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆ రెండేళ్ళు మామ్మగారికి కూడా ఏదో ఒక వంక చెప్పి తప్పించుకున్నాను.

ఈ ఏడు ఆవిడ వంక వినలేదు. మనవరాలి చేత స్కూటీ మీద గుండిగ పంపించేశారు. ఆ అమ్మాయి ఎ.కొండూరులో స్కూల్లో పాఠాలు చెబుతుంది. "మామ్మ నోటికి ఏదీ సయించట్లేదు తాతా. మామిడికాయ పప్పయితే తింటానంటోంది, అదీ ఇందులో వండితేనేనంట," అంది. వారంలో ఇస్తానన్నాను. వారం దాటాక ఫోను చేసింది. తగరం విజయవాడ నుంచి రావాలన్నాను. తగరం మా వంటింట్లో టీ డబ్బాలో ఉంది. ఇంకో నాలుగు రోజులకి మళ్ళీ చేసింది. అదే చెప్పాను. మూడోసారి ఫోనులో మామ్మగారే ఉన్నారు. గొంతు బాగా పీలగా అయిపోయింది.

"అబ్బాయ్, తగరం రాలేదా, చెయ్యి రావట్లేదా?"

నేను ఫోను ఎడమ చేతిలోకి మార్చుకున్నాను.

"చెయ్యి రాకపోతే రావట్లేదని చెప్పవయ్యా. ఎవరి చెయ్యయినా ఆసరా తీసుకుని పొయ్యి. పొగరున్నోడివి," అన్నారు. కాస్త ఊపిరి తీసుకుని, "ఆ ఒక్కటీ దొరికిందా?" అన్నారు.

"లేదండి," అన్నాను. ఆవిడ వెతుకు అనేలోపే ఫోను పెట్టేశాను. కోపమొచ్చి పెట్టాను. ఆ తర్వాత నాలుగో రోజే టీ కొట్టులో ఆ కబురు విన్నది.

ఆవిడని తీసుకెళుతుంటే రోడ్డుకి ఇవతల నిలబడ్డాను. మనవరాలు నన్ను చూసి ఏడ్చింది. దగ్గరికొచ్చి గుండిగ సంగతి అడుగుతుందేమోనని జనంలోంచి జారుకున్నాను. తొమ్మిది రోజులు ఇంట్లో ఒకచోట కాలు నిలవలేదు. మెయిన్ రోడ్డు ఈ చివర నుంచి ఆ చివరికి నడవడం, మళ్ళీ రావడం. ఒకరోజు పని లేకపోయినా విస్సన్నపేట బస్సెక్కాను. అక్కడ మార్కెట్లో పచ్చి మామిడికాయలు గుట్టలు పోసి ఉన్నాయి. ఒక కాయ కొని జేబులో వేసుకుని తిరిగొచ్చాను. అది చూసి మా ఇంటామె, "దీన్నేం చెయ్యను?" అంది. నాకు తెలియదన్నాను.

తొమ్మిదో రోజు మనవరాలు వచ్చింది.

"పన్నెండో రోజు మామ్మకి మామిడికాయ పప్పు పెట్టాలి తాతా. గుండిగలోనే వండాలని నాన్నతో చెప్పాను. అయిందా?"

తగరం ఇంకా రాలేదమ్మా అనబోయాను. లోపల నుంచి మా ఇంటామె గొంతు వినబడింది.

"తగరం టీ డబ్బాలో ఉందమ్మా. ఈయన చెయ్యి ఆడటం లేదు, అదీ సంగతి."

ఆ అమ్మాయి వసారాలో గుండిగ మీద పట్టా తీసి, పక్కన నేల మీద కూర్చుంది. ఇంటామె బయటికొచ్చి చీర కుచ్చిళ్ళు దోపుకుంది.

"నేను తుడుస్తా, మీరు గిన్నె తిప్పండి," అంది.

"దూది పట్టడం ఆడవాళ్ళ పని కాదు."

"నలభై ఏళ్ళు గాలి మిషను తిప్పింది ఆడదే కదా. అప్పుడు కళ్ళు మూసుకుని తిప్పాననుకున్నారా?"

"మరి గాలి ఎవరు తిప్పుతారు?"

"నేను," అంది మనవరాలు.

ఆదివారం పొద్దున పెరట్లో కొలిమి వెలిగించాం. గుండిగలోకి దిగి తోమడం నా వల్లే అయింది, నడుం ఇంకా తిరుగుతుంది. నిప్పు మీద పెట్టాక పటకారు రెండు చేతులతో పట్టుకుని తిప్పాను. రెండు చేతులు కలిస్తే వణుకు కాస్త తగ్గింది. నవాసారం చల్లాను, తెల్లటి పొగ లేచింది, ఆ అమ్మాయి దగ్గుతూనే పిడి ఆపలేదు. తగరం బద్ద తాకించగానే కరిగింది. ఇంటామె దూది పట్టి చుట్టూ తుడిచింది. ఒక్కసారి కూడా చెయ్యి వెనక్కి తీసుకోలేదు. అంతా అయిపోయిందనుకుంటుండగా నా చెయ్యి అదిరి గుండిగ పక్కకి ఒరిగింది. అంచు దగ్గర బొటనవేలంత చోట పూత పట్టలేదు. నీళ్ళల్లో ముంచి తీశాక ఆ చోట ఇత్తడి పచ్చగా కనబడింది.

"మళ్ళీ కాలుద్దాం," అన్నాను.

"పప్పు అంత పైకి రాదు, ఊరుకోండి," అంది ఇంటామె.

అప్పుడు మనవరాలు చేతిసంచీలోంచి మడతపెట్టిన తెల్ల పంచె ముక్క తీసింది.

"ఇదొకటి మిగిలింది తాతా. కళాయి అయ్యాక లోపల తెల్లగుడ్డతో తుడవాలి కదా. మా ఇంటి ఆచారం. తుడవకపోతే ఆ ఏడు మామిడికాయ అచ్చిరాదంట. చిన్నప్పుడు ఎందుకు తుడుస్తావు మామ్మా అంటే అలా చెప్పింది. అమ్మకి, అత్తకి, అందరికీ నేర్పింది." గుడ్డ నా చేతికిచ్చింది. "ఈసారి నువ్వు తుడువు."

తుడిచాను. తెల్లగానే వచ్చింది. అప్పుడే చెప్పేయాల్సింది. ఎదురుగా ఇద్దరున్నారు, ఇద్దరి చేతులూ మసిగా ఉన్నాయి. గుడ్డ తిరిగి ఇవ్వబోతే, "నీ దగ్గరే ఉంచు తాతా, వచ్చే ఏడు తెద్దువుగాని," అని గుండిగ స్కూటీ మీద పెట్టుకుని వెళ్ళిపోయింది.

పన్నెండో రోజు వెళ్ళాను. లోపల బల్ల మీద కూర్చోమన్నారు. నేను దొడ్లోనే కూర్చున్నాను. అది నా చోటు. కోడలుగారు వడ్డించారు. నెయ్యి వేశారు, ఊరమిరపకాయ వేశారు. టెంక నా విస్తట్లో పడింది. కావాలని వేశారో, దానంతటదే పడిందో తెలియదు. అడగలేదు.

అమ్మాయ్, ఇది నీకు. అది మీ ఇంటి ఆచారం కాదు. అది నేను చేసిన తప్పు. మీ మామ్మ నా పరువు కాపాడటానికి దాన్ని ఆచారం చేసి, సొంత ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పకుండా వెళ్ళిపోయారు. ఆవిడ ఉన్నన్నాళ్ళూ దాచిపెట్టిన మాట ఆవిడ పుస్తకంలో నేను బయటపెడుతున్నాను. చదివాక నాకు గుండిగ ఇవ్వాలనిపించకపోతే ఇవ్వకు. తుడవడం మాత్రం మానకు. కళాయి ఎవరు పోసినా తుడిచి చూడు. మా ఇంటామెకి నిన్న చదివి వినిపించాను. అంతా విని, "మీ పక్కన కూర్చుని గాలి తిప్పాను, నాకు కూడా చెప్పలేదు," అంది. పొద్దున టీ గ్లాసు నా ముందు పెట్టింది గానీ, మాట్లాడలేదు.

ఇది చదివే మిగతావాళ్ళకి ఒక మాట. మీ ఇంట్లోనో, మీ చుట్టాలింట్లోనో, అటక మీద మీ నాయనమ్మదో అమ్మమ్మదో ఇత్తడి పప్పుగిన్నె ఉంటే దింపి చూడండి. రెండు చెవుల గిన్నె, ఒక చెవికి మూడు ఎర్రటి రాగి మేకులు, అడుగున చుక్క ఉండదు. ముచ్చటపడి అందులో వండొద్దు. లోపల తెల్లగుడ్డతో గట్టిగా తుడవండి. నల్లబడితే తిరువూరు బస్టాండు దగ్గర కళాయి సాయిబు ఎక్కడంటే చెబుతారు. నేనే వచ్చి తీసుకెళతాను, మళ్ళీ పోసి తెచ్చి ఇస్తాను. చెయ్యి వణికితే పట్టుకోడానికి మనిషి ఉంది. కోపంలో ఉంది గానీ, ఉంది.

ఈ నాలుగు మాటలు వారం తర్వాత కలుపుతున్నాను, పుస్తకం అచ్చయ్యేదాకా ఆగలేక నేనే బయల్దేరాను. పొద్దున్నే గంపలగూడెం ఆటో ఎక్కుతున్నాను. దారిలో ఏదో ఊళ్ళో దిగి, గుమ్మం ముందు నిలబడి, "పాత ఇత్తడి ఏమన్నా ఉందా అమ్మా," అంటున్నాను. పాత సామాను కొనేవాణ్ణనుకుని లేదంటున్నారు. కొనడానికి కాదమ్మా, చూడ్డానికి అంటే నవ్వుకుంటున్నారు. నిన్న ఒకావిడ నిచ్చెన వేసి అటక మీద నుంచి ఒక గిన్నె దింపింది. వాళ్ళ నాయనమ్మదట. చెవులకి మేకులు లేవు, నేను వెతికే గిన్నె కాదు. అయినా జేబులోంచి గుడ్డ తీసి లోపల తుడిచి చూశాను. దుమ్ము తప్ప ఏమీ రాలేదు. "ఏముంది తాతా అందులో?" అంది ఆవిడ. ఏమీ లేదమ్మా, మంచిదన్నాను. రోడ్డు మీద ఆటో హారన్ కొడుతున్నాడు. గుడ్డ దులిపి, తెల్లటి వైపు పైకి వచ్చేలా మడిచి, చొక్కా జేబులో పెట్టుకుని, పక్క ఊరికి ఎక్కాను.